పొట్టి ఉన్ని

దొడ్డిలోకి తోలిన వికూన్యాల్లో మొదటిదాన్ని ముగ్గురు మగవాళ్ళు ఎత్తుకొచ్చి పట్టా మీద పడుకోబెట్టేసరికి సతుర్నీనా మోకాళ్ళ మీద కూర్చుని సిద్ధంగా ఉంది. ఒకడు ముందుకాళ్ళు పట్టుకున్నాడు, ఒకడు వెనకకాళ్ళు, మూడోవాడు తల. కళ్ళకు గుడ్డ కట్టారు. జంతువు అరవలేదు. పక్కటెముకల కింద దాని గుండె మాత్రం పిట్టలా కొట్టుకుంటోంది. సతుర్నీనా అరచేతులు రుద్ది వెచ్చచేసుకుని, భుజం వెనక దాల్చినచెక్క రంగు ఉన్నిని పాయ తీసింది. అడుగున లేత చర్మం కనబడింది. చూపుడువేలు నిలువునా దించింది. ఉన్ని మొదటి కణుపు దాటింది.

"తియ్యండి," అంది.

ఏడాదికోసారి ఊరంతా రంగు పేలికలు కట్టిన పొడుగాటి తాడు పట్టుకుని, వరసకట్టి, కొండల మీద తిరిగే ఒంటెజాతి అడవి జంతువులైన వికూన్యాలను దొడ్డిలోకి తోలుకొస్తారు. దాన్ని చక్కు అంటారు. ఉన్ని తీసి మళ్ళీ కొండకే వదిలేస్తారు. ఆ ఊరి చక్కులో ఇరవై రెండేళ్ళుగా పొడవు చూసేది సతుర్నీనాయే. వేలి కణుపు దాటితే తియ్యాలి, దాటకపోతే వదలాలి. ఆమె మాటకు ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు.

ఆ రోజు అయిదోది వచ్చింది. పాయ తీసి చూసింది. ఉన్ని గోరు దాటలేదు.

"విడిచిపెట్టండి."

ఆరోదీ అంతే. ఏడోదీ అంతే. ఎనిమిదోదాని మెడ దగ్గర నిరుడు ఉన్ని తీసే మిషను గీసుకుపోయిన గాటు ఇంకా తెల్లగా కనబడుతోంది.

"ఏంది పిన్నీ, అన్నిటినీ దీవించి సాగనంపుతున్నావ్?" అన్నాడు వెనక నించుని వెనాన్సియో. అతను ఊరి పెద్ద. నలభై అయిదేళ్ళుంటాయి. కొత్త తోలు టోపీ పెట్టుకున్నాడు. "పొడవు చూస్తున్నావా, పెళ్ళికూతుళ్ళను చూస్తున్నావా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. సతుర్నీనా కూడా నవ్వబోయి ఆగింది.

"ఇవి నిరుడు తీసినవే నాయనా. రెండేళ్ళు ఆగాలి. జూన్ నెల, నడి చలికాలం. ఇప్పుడు గొరిగితే పొద్దున్నకి బిగుసుకుపోతాయి."

"నలభై కిలోలు ఇస్తామని కొనేవాడికి మాటిచ్చింది నేను. ఇవ్వకపోతే వచ్చే ఏడు వాడు కొండ అవతలి ఊరికి పోతాడు. అప్పుడు నీ వేలు చూసుకుంటూ కూర్చోవాల మనం." వెనాన్సియో ఉన్ని తీసేవాళ్ళ వైపు చెయ్యి ఊపాడు. "తియ్యండ్రా."

ఉన్ని తీసేవాళ్ళు అయిదుగురు. నలుగురు మిషన్లు ఆపి నించున్నారు. వాళ్ళలో పెద్దవాడు తల గోక్కున్నాడు. "పిన్ని వద్దందిగా. జంతువు చస్తే లైసెన్సు పోయేది మాది. నీ టోపీ ఏం పోదు."

వెనాన్సియో కోప్పడలేదు. చివర కూర్చున్న అయిదోవాడి దగ్గరకు నడిచి, పక్కనే గొంతుక్కూర్చున్నాడు. అయిదోవాడు ఎలియాసర్. సతుర్నీనా కొడుకు.

"తమ్ముడూ, ఈ మిషను నీ చేతికిచ్చిందెవరు?"

"నువ్వే అన్నా."

"మరి?"

ఎలియాసర్ తల్లి వైపు చూశాడు. "అమ్మా," అన్నాడు మెల్లగా, "నువ్వట్టా గోడ పక్కకి పోయి అలుపు తీరేట్టు కాస్త కోకా ఆకు నమలకూడదా."

"ఒరేయ్, దాని ఒంటి మీద చెయ్యెయ్యి. వేలు పెట్టి చూడు."

అతను వేలు పెట్టలేదు. ఎడమచేతివాటం వాడు. మిషనును ఎడమచేతిలోకి తీసుకుని మీట నొక్కాడు. జనరేటరు మూలిగింది. పొడుగు ఉన్ని అయితే మిషను కింద దుప్పటి మడతలా విడివడి వస్తుంది. పొట్టి ఉన్ని అలా రాదు. పళ్ళు చర్మానికి ఆనించి నొక్కాలి. రెండు చోట్ల నెత్తురు చిమ్మింది. ఎవరో ఊదారంగు మందు పూశారు. పొట్ట మీదా రొమ్ము మీదా బొచ్చు వదిలెయ్యాలని కట్టడి ఉంది. వెనాన్సియో అక్కడే నించుని వేలితో చూపిస్తుంటే ఎలియాసర్ అదీ తీసేశాడు. గుడ్డ విప్పి వదిలాక ఆ జంతువు నాలుగడుగులు వేసి ఆగింది. ఎండుగడ్డి మీద గులాబిరంగులో, ఎవరో ఒలిచి వదిలినట్టు నించుంది. తరవాత పరుగెత్తింది.

సాయంత్రం దాకా అదే జరిగింది. పొట్టిది వచ్చినప్పుడల్లా సతుర్నీనా "విడిచిపెట్టండి" అనేది. వాళ్ళు దాన్ని ఆమె కొడుకు దగ్గరకు మోసుకుపోయేవారు. ఆ మాట అనడం ఆమె మానలేదు, మోసుకుపోవడం వాళ్ళూ మానలేదు. కొంతసేపటికి అది ఒక ఆటలా తయారైంది. ఆమె నోరు తెరవగానే పడుచువాళ్ళు ముందే "విడిచిపెట్టండీ" అని రాగం తీసి నవ్వేవారు. పక్కింటి ఉర్సులా కూడా సంచుల్లో ఉన్ని కూరుతూ శాలువాచాటున నవ్వింది.

మర్నాడు పొద్దున సతుర్నీనా ఉన్ని కోసం పెంచుకునే తన అల్పాకాలను తోలుకుని బయలుదేరింది. వాగు మీద మంచు ఎంత దిట్టంగా కట్టిందంటే ముందు నడిచే అల్పాకా దాని మీద నడిచి అవతలికి పోయింది. గాలి లేదు. మలుపు తిరగ్గానే రాళ్ళ పల్లంలో వికూన్యాలు కనబడ్డాయి. ఒకదానికొకటి ఒరుసుకుని పడుకుని ఉన్నాయి. దగ్గరికి వెళ్తే లేచి పరుగెత్తుతాయని ఆమె ఆగింది. అవి లేవలేదు.

మధ్యలో ఉన్న ఒకదాని మెడ కదిలింది. చుట్టూ ఉన్నవాటి వేడికి అది మిగిలింది కాబోలు. లేవబోయింది. ముందుకాళ్ళు నిలిచాయి గాని వెనకకాళ్ళు బిగుసుకుపోయి కర్రల్లా పక్కకు జారాయి. సతుర్నీనా భుజాన ఉన్న దుప్పటి విప్పి, మెల్లగా వెనకనుంచి వచ్చి దాని మీద కప్పింది. అడవి జంతువుకు దుప్పటి అంటే ఏం తెలుసు? పట్టుబడ్డాననే అనుకుంది. ఒళ్ళంతా విదిలించి, తల నేలకేసి కొట్టుకుంది. ఆమె దుప్పటి తీసేసి దూరం జరిగింది. దూరంగా కూర్చుంటే చలికి చస్తుంది. దగ్గరికి వెళ్తే భయానికి చస్తుంది. ఏం చెయ్యాలో తోచక ఆమె అటూ ఇటూ కాని దూరంలో కూర్చుండిపోయింది. ఎండ ఆ పల్లంలోకి దిగే లోపలే దాని మెడ వాలిపోయింది.

లేచి ఊళ్ళోకి వెళ్ళి చెప్పింది.

వెనాన్సియో పదిమందితో, గునపాలతో వచ్చాడు. మూడు పల్లాలు వెతికితే అరవై మూడు దొరికాయి. నేల గడ్డకట్టుకుపోయి గునపం ఖంగుమంటోంది. ఉర్సులా ఒక్కతే పైకి అనేసింది.

"ఇంత మాంసం మట్టిలో పెడతారా? మా ఇంట్లో పిల్లలు నెల్నాళ్ళుగా ఎండు దుంపల జావే తాగుతున్నారు."

"ముట్టుకుంటే జైలు," అన్నాడు వెనాన్సియో. "వికూన్యా ప్రభుత్వానిది. బతికున్నప్పుడు ఉన్ని మనది, చచ్చాక బొమికె కూడా మనది కాదు."

"అయితే ప్రభుత్వాన్నే వచ్చి తవ్వమను."

కొందరు నవ్వారు. ఎలియాసర్ నవ్వలేదు. గొయ్యిలోకి దిగి అందరికన్నా ఎక్కువ తవ్వాడు. అరచేతులు చీరుకుపోయినా గునపం ఇంకొకరికి ఇవ్వలేదు. సతుర్నీనా గట్టు మీద నించుని ఆ చేతులు చూసింది. చిన్నప్పుడు వాటికి గాయమైతే తనే మందు పూసేది. ఇప్పుడు పిలిచి ఏమనాలో ఆమెకు తెలియలేదు. మధ్యాహ్నానికి కాండోర్ రాబందులు వచ్చేశాయి. గొయ్యి పూడ్చినా అవి పైన తిరుగుతూనే ఉన్నాయి.

ఆ రాబందులను కొండ అవతలి ఊరి కాపలావాడు చూశాడు. వాడు రేడియోలో పట్నానికి చెప్పాడు. వికూన్యాల బాగోగులు చూసే ప్రభుత్వ ఇంజనీరమ్మ గురువారం విచారణకు వస్తోందని కబురు వచ్చింది. బుధవారం పొద్దున వెనాన్సియో సభ పిలిచాడు.

ఊరి గది ముందు ఎండలో మగవాళ్ళు బెంచీల మీదా, ఆడవాళ్ళు నేల మీదా కూర్చున్నారు.

"చచ్చినవాటిని పాతిపెట్టాం," అన్నాడు వెనాన్సియో. "రాబందులను పాతిపెట్టలేం కదా. వచ్చే ఆవిడ ఎట్టా జరిగిందని అడుగుద్ది. ఊరంతా కలిసి చేశామంటే మన చక్కు అనుమతి కొట్టేస్తారు. అయిదేళ్ళు ఉన్ని లేదు. ఒక మనిషి వల్ల పొరపాటు జరిగింది, శిక్ష వేశాం అంటే చీవాట్లతో పోద్ది." కొంచెం ఆగి గొంతు మెత్తగా చేశాడు. "సతుర్నీనా పిన్నికి చూపు ఆనడం లేదు. అందులో ఆమె తప్పేం లేదు. వయసు."

సతుర్నీనా లేచి నించుంది. "నేను విడిచిపెట్టమన్నాను. మీరందరూ విన్నారు. విని, పాట కూడా కట్టారు."

ఎవరూ తల ఎత్తలేదు. ఉర్సులా ఆమె గాగరా అంచు పట్టి లాగింది. "వదినా, కూర్చో. నీకు పడే శిక్ష ఏపాటిది? ఊరికి పడితే అందరం పోతాం. నువ్వు కూడా పోతావ్."

శిక్ష ఏమిటో వెనాన్సియో చెప్పాడు. రెండేళ్ళపాటు ఆమె మంద ఊటబీడులో మేయకూడదు. ఆ ఎత్తులో ఎండాకాలం వానాకాలం తడారని పచ్చిక అదొక్కటే. అది లేకపోతే మందకు ముళ్ళగడ్డే గతి. కూనలున్న తల్లులకు పాలు పడవు. ఆమెకు ముప్ఫై ఒక్క అల్పాకాలున్నాయి, పదకొండు కూనలు.

"ఒప్పుకునేవాళ్ళు చెయ్యెత్తండి."

చేతులు ఒక్కొక్కటే లేచాయి. ముందు వెనాన్సియో బంధువులవి, తరవాత మిషన్లు ఆపిన ఆ నలుగురివి, తరవాత ఉర్సులాది. ఉర్సులా కళ్ళు మూసుకుని ఎత్తింది. సతుర్నీనా వాటిని చూడడం లేదు. చివరి బెంచీ మీద కొడుకును చూస్తోంది. అతని పక్కన భార్య ఒతీలియా, వీపున మూటగట్టిన నాలుగేళ్ళ కూతురితో నించుని ఉంది. వెనాన్సియో కూడా అటే చూశాడు.

ఎలియాసర్ ఎడమచెయ్యి లేచింది. భుజం దాకా లేచి ఆగింది. అరచేతికి గుడ్డ చుట్టి ఉంది. తరవాత పూర్తిగా లేచింది.

సతుర్నీనా కూర్చుంది. ఆ రోజే మందను ఊటబీడు నుంచి బయటికి తోలింది. కూనలు వెనక్కి వెనక్కి తిరిగి పచ్చిక వైపే పోతుంటే రాళ్ళు విసిరి మళ్ళించింది.

గురువారం ఇంజనీరమ్మ జీపులో వచ్చింది. వెంట ఇద్దరు పోలీసులు ఉన్నారు. ఆమె ముప్ఫై ఏళ్ళ మనిషి, ఎండకు ముక్కు మీద చర్మం లేచిపోయింది. గొయ్యి తవ్వించి చూసింది. ముఖానికి గుడ్డ కట్టుకుని తనే కిందికి దిగి రెండు కళేబరాల పొట్టలు చూసి పైకి వచ్చింది.

"పొడవు ఎవరు చూశారు?"

"ఒక ముసలమ్మ," అన్నాడు వెనాన్సియో. "చూపు పోయిందమ్మా, మేం గమనించలేదు. శిక్ష వేశాం."

"పిలవండి."

సతుర్నీనాను ముళ్ళగడ్డి వాలు మీద నుంచి పిలుచుకొచ్చారు. ఊరి గదిలోని సంచులన్నీ తెప్పించి ఇంజనీరమ్మ పట్టా పరిచింది. ఒక ఉన్నిచుట్ట తీసి ఆమె చేతిలో పెట్టింది. "ఇది ఎంత పొడవో చెప్పు అమ్మా."

సతుర్నీనా చుట్టను చూడలేదు. ఇంజనీరమ్మ ముఖం వైపే చూస్తూ, బొటనవేలూ చూపుడువేలూ మధ్య ఒక పోగు లాగి వదిలింది. "ఇది మంచిది," అని కుడిపక్కన పెట్టింది. ఇంకొకటి తీసుకుంది. "ఇది పొట్టి." ఎడమపక్కన పెట్టింది.

తరవాత ఎవరూ ఏమీ అడగలేదు, ఆమే ఆపలేదు. ఒక్కో చుట్టా విప్పడం, పోగు లాగడం, పెట్టడం. గాలికి ఉన్ని ఎగిరిపోకుండా మోచేత్తో అదిమిపెట్టుకుంటోంది. ఇంజనీరమ్మ వెనకే కూర్చుని ఇనప స్కేలుతో ఒక్కొక్కటీ కొలిచింది. ఇరవై కొలిచాక స్కేలు జేబులో పెట్టేసింది. గంటన్నర గడిచేసరికి ఎడమపక్క కుప్ప సతుర్నీనా మోకాలి ఎత్తు అయింది. ఊరంతా చుట్టూ నించుని చూస్తోంది. వెనాన్సియో టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఈమె వేళ్ళకి చూపుంది," అంది ఇంజనీరమ్మ. "అయితే పొట్టివని ఈమెకు తెలుసు. వదలమందా?"

"అన్నాను," అంది సతుర్నీనా.

"అన్నదా?" ఇంజనీరమ్మ జనం వైపు తిరిగింది.

సభలో చేతులెత్తినవాళ్ళే ఇప్పుడు తలలూపారు. అన్నదమ్మా, అన్నది అని అక్కడక్కడా గొణిగారు.

"మరి తీసిందెవరు? అయిదుగురున్నారు. ఎవరో తేలకపోతే అయిదుగురినీ పట్నం తీసుకుపోతా. చెప్పండి."

ఆ నలుగురి ముఖాలు పాలిపోయాయి. వాళ్ళలో ఒకడి భార్యకు నెలలు నిండాయి. ఇంజనీరమ్మ మళ్ళీ సతుర్నీనా దగ్గరకు వచ్చింది. "నీకు తెలియకుండా ఉంటుందా అమ్మా? ఎవరు తీశారు?"

తెలీదు అంటే చాలు. ఆ మాట సతుర్నీనా నాలుక మీదికి వచ్చింది కూడా. కొడుకు వైపు చూసింది. అతను ఈమె వైపు చూడడం లేదు. గుడ్డ చుట్టిన ఎడమచెయ్యి జేబులో పెట్టుకున్నాడు. జేబులో పెట్టిన ఆ చెయ్యి ఆమెకు పైకి లేచినట్టే కనబడింది.

"నా కొడుకు," అంది. ఉన్నిచుట్ట చూసి మంచిది, పొట్టి అన్నంత మామూలుగా వచ్చింది ఆ మాట. అన్నాక తనే ఉలిక్కిపడింది. గబగబా అంది, "వాడంతట వాడు తియ్యలేదు. వెనాన్సియో తియ్యమన్నాడు. పక్కన కూర్చుని తీయించాడు."

ఇంజనీరమ్మ జనాన్ని చూసింది. "ఎలియాసర్ తీయడం ఎవరు చూశారు?"

చూశాం అన్నారు. ఆ నలుగురూ ముందుగా అన్నారు.

"తియ్యమని ఈయన అనడం ఎవరు విన్నారు?"

అల్పాకాల మెడగంటలు వినబడుతున్నాయి. ఇంజనీరమ్మ ఒక్కొక్కరినే అడిగింది. ఉర్సులా దగ్గరకు వచ్చేసరికి ఆమె చేతులు గాగరాకు తుడుచుకుంటూ అంది, "జనరేటరు చప్పుడమ్మా. నాకేం వినపడలా."

"నువ్వు చెప్పు," అంది ఇంజనీరమ్మ ఎలియాసర్‌తో. "నీకెవరు చెప్పారు?"

ఎలియాసర్ తల ఎత్తాడు. ఎదురుగా భార్య ఉంది. భార్య పక్కన వెనాన్సియో భార్య, పాపకు బెల్లంముక్క ఇస్తోంది. ఈ మనుషుల మధ్యే, వీళ్ళ గడ్డి మీదే తన భార్యా పాపా రేపటినుంచి బతకాలి.

"ఎవరూ చెప్పలేదు," అన్నాడు.

పోలీసులు చేతికి బేడీలు వెయ్యలేదు. గాయం చూసి వద్దనుకున్నారు. జీపు వెనక తలుపు తెరుచుకోకపోతే వెనాన్సియోనే ముందుకొచ్చి కాలితో తన్ని తెరిచాడు. ఎలియాసర్ చేతిలోని దుప్పటి మూట కూడా తనే అందుకుని లోపల పెట్టాడు. "పాపను మేం చూసుకుంటాం తమ్ముడూ," అన్నాడు. సతుర్నీనా జీపు దాకా వెళ్ళింది. కిటికీ అద్దం కిందికి దిగదు. అద్దం మీద అరచెయ్యి పెట్టింది. అతను ముందు సీటు వీపునే చూస్తూ కూర్చున్నాడు. జీపు కదిలాక ఆమె చెయ్యి గాలిలో కొంతసేపు అలాగే ఉంది.

మర్నాడు పొద్దున్నే వెనాన్సియో ఆమె ఇంటికొచ్చాడు. వాకిట్లో నించుని ముచ్చటగా మాట్లాడాడు. అనుమతి పోలేదు, మందలింపుతో సరిపెట్టారు. పొట్టి ఉన్ని ఎత్తుకుపోయారుగానీ మిగిలింది కొనేవాడు ఒప్పుకున్నాడు. "నీవల్లే పిన్నీ. నిజం చెప్పావు. ఊటబీడులో నీ వంతు నువ్వు తీసుకో. సభవాళ్ళతో మాట్లాడాను, అందరూ సరేనన్నారు." తను కోపం పెట్టుకోలేదని కూడా అన్నాడు. వెళ్తూ వెళ్తూ, వచ్చే చక్కుకి ఎలియాసర్ మిషను తన అల్లుడికి ఇస్తున్నాననీ, వాడి చెయ్యి ఇంకా కుదరలేదనీ, కాస్త చెప్పిపెట్టమనీ అడిగాడు.

కూనలు రెండు రోజులుగా నీరసంగా అరుస్తున్నాయి. సతుర్నీనా మందను ఊటబీడుకే తోలింది. రాతిగోడకు సందు ఉన్న చోట రాళ్ళు పక్కకు దొర్లించింది. అల్పాకాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ పచ్చిక మీద పడ్డాయి. తల్లుల కింద కూనలు తలలు దూర్చి కుమ్ముతున్నాయి. ఆమె రాయి మీద కూర్చుని ఉడికించిన దుంపల మూట విప్పుకుంది గాని తినలేకపోయింది.

పొద్దు నెత్తికెక్కే వేళ ఒతీలియా తన మందతో గోడ పక్కనుంచి పోతూ కనబడింది. వీపున పాప నిద్రపోతోంది. ఎలియాసర్ ఎప్పుడూ తన మందను తల్లి మందతో కలిపి ఈ బీడులోనే మేపేవాడు. ఒతీలియా ఇప్పుడు ముళ్ళగడ్డి వాలు వైపు పోతోంది.

సతుర్నీనా లేచి గోడ దగ్గరకు వెళ్ళింది. "అమ్మాయ్! ఇటు తోలు. రెండు మందలకూ చాలుద్ది."

ఒతీలియా ఆగింది. పెళ్ళయి వచ్చిన రోజునుంచీ అత్తను నువ్వు అనే పిలిచింది, కూతురిలాగే కొట్లాడింది. ముందుకు పోయిన అల్పాకాను ఈలవేసి ఆపి, అప్పుడు ఇటు తిరిగింది. ఏడ్చిన ముఖం కాదు. ముఖం కడుక్కుని, జడలు గట్టిగా అల్లుకుని వచ్చింది.

"ఆ గడ్డి మీరే తినండి," అంది.

మందను అదిలించి వాలు ఎక్కింది. పాప తల ఆమె వీపు మీద అటూ ఇటూ ఊగుతోంది. చివరి అల్పాకా కూడా రాళ్ళ వెనక్కి పోయేదాకా సతుర్నీనా గోడ సందులో నించుంది. వెనకనుంచి కూన ఒకటి ఆమె గాగరా పక్కనుంచి దూరి బయటికి పోబోయింది. దాన్ని మోకాలితో లోపలికి నెట్టింది. వంగి, పక్కకు దొర్లించిన రాళ్ళను ఒక్కొక్కటే ఎత్తి, లోపలివైపు నుంచే సందు మూసుకుంది.